నా భాషకు కంటిన్యుయేషన్లు కట్టిన అనుభవం

నేను మాదాపూర్‌లో ఒక సంస్థలో సర్వర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేస్తూ, రాత్రిపూట, సెలవు రోజుల్లో మియాపూర్‌లోని మా ఇంట్లో కూర్చుని ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాషను తయారు చేసుకుంటున్నాను. దాని కంపైలర్ (ప్రోగ్రామును యంత్రానికి తగిన రూపంలోకి మార్చేది) నేరుగా ఎక్స్86-64 ప్రాసెసర్ల అసెంబ్లీని, అంటే ప్రాసెసర్ సూచనలను, ఇస్తుంది. వాడుక తీరిన మెమరీని పోగుచేసే గార్బేజ్ కలెక్టర్, ఫైళ్లు, నెట్‌వర్కు వంటివి చూసుకునే రన్‌టైమ్ మాత్రం సి భాషలో ఉంది. ఈ భాషలో ఒక ఫంక్షన్ తన పని మధ్యలో ఆగి, తనను పిలిచినవారికి ఒక విలువ అందించి, మళ్లీ అడిగినప్పుడు సరిగ్గా ఆగినచోటి నుండే సాగే ఏర్పాటు (పేరులోని కంటిన్యుయేషన్ల పని ఇదే) చేయడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది. ఆ ఏడాదిలో రాసిన కోడు చాలా తక్కువ. కాలమంతా కోడు దేనికి మాట ఇవ్వాలి, దేనికి ఇవ్వకూడదు అని తేల్చుకోవడంలోనే గడిచింది. అందుకే ఈ అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

అసలు అవసరం ఎలా పుట్టిందో ముందు చెప్పాలి. మొదట్లో నా కంపైలర్, ఆగి విలువ ఇచ్చే 'యీల్డ్' ఉన్న ప్రతి ఫంక్షన్‌నూ ఒక స్టేట్ మెషీన్‌గా మార్చేది. లోకల్ వేరియబుల్స్ అన్నీ ఫంక్షన్ ముగిసినా నిలిచే హీప్ మెమరీలోని ఒక రికార్డులోకి వెళ్లేవి. ఫంక్షన్ మొదలు కాగానే కిందటిసారి ఏ సంఖ్య దగ్గర ఆగిందో చూసుకుని అక్కడికి దూకేది. సి షార్ప్, రస్ట్ కంపైలర్లు ఏసింక్ (మధ్యలో ఆగగల) ఫంక్షన్లకు చేసేది కూడా ఇదే. ఈ పద్ధతిలో వేగానికి లోటు లేదు గాని, ఆగగలిగే ఫంక్షన్‌ను పిలిచే ప్రతి ఫంక్షనూ, దాన్ని పిలిచేదీ, ఆ పైదీ అన్నీ అదే మార్పుకు లోనుకావాలి. ఒకరోజు నేను ఒక జాబితాను సార్ట్ చేస్తూ, రెండు అంశాలను పోల్చే చిన్న ఫంక్షన్‌లో నెట్‌వర్కు నుండి ఒక విలువ చదవవలసి వచ్చింది. ఆ చదవడం దగ్గర ప్రోగ్రాము ఆగాలి. కాని ఆ పోల్చే ఫంక్షన్‌ను పిలుస్తున్నది రన్‌టైమ్‌లోని సి భాషా సార్ట్. దాని ఫ్రేములు (ఒక్కొక్క పిలుపుకు చెందిన మెమరీ భాగాలు) స్టాక్ మీద, అంటే పిలుపులు ఒకదానిపై ఒకటి పేరుకునే మెమరీలో, నా ఫ్రేముల నడుమ ఇరుక్కుని ఉన్నాయి. వాటిని స్టేట్ మెషీన్‌గా మార్చే హక్కు నా కంపైలర్‌కు లేదు. ఆ రోజే స్టేట్ మెషీన్ పద్ధతిని విడిచిపెట్టి, ప్రతి ఆగగల పనికీ దాని సొంత స్టాక్ ఇచ్చి, స్టాక్‌నుండి స్టాక్‌కు మారే దారి పట్టాను.

కంటిన్యుయేషన్ అంటే 'ఇకపై జరగవలసిన మిగతా పని' అంతా ఒక విలువగా చేతికి రావడం. ఈ మాటను ఎన్నోసార్లు చదివినా, అవధానం చూసినప్పుడు అర్థమైనంత బాగా నాకు మరెక్కడా అర్థం కాలేదు. మా పెదనాన్నతో కలిసి చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక అష్టావధానానికి వెళ్లాను. అవధాని ఒక పృచ్ఛకునికి పద్యంలో మొదటి పాదం చెప్పి, దాన్ని అక్కడే నిలిపి పక్కవారి వైపు తిరుగుతారు. ఆవృత్తి పూర్తయి మళ్లీ ఆయన దగ్గరికి వచ్చేసరికి, నడుమ ఎంత అప్రస్తుత ప్రసంగం సాగినా, రెండో పాదాన్ని అదే ఛందస్సులో, అదే ప్రాసతో అందుకుంటారు. నిలిపిన ప్రతి పద్యానికీ ఆయన మనసులో మిగలవలసింది ఏమిటి? ఎన్నో పాదం దగ్గర ఆగింది, ఛందస్సు ఏది, ప్రాసాక్షరం ఏది, భావం ఎంతవరకు వచ్చింది. ఇంతే. పాదం కూర్చేటప్పుడు తట్టి వదిలేసిన పదాలు గుర్తుండనవసరం లేదు. యంత్రంలో కూడా ప్రశ్న ఇదే: ఆగిన పనిని మళ్లీ అందుకోవడానికి ఏది దాచాలి, దేన్ని నిశ్చింతగా మరిచిపోవచ్చు?

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. ఇలా మధ్యలో ఆగి మళ్లీ సాగే పనికి కోరొటీన్ అన్న మాటను మెల్విన్ కాన్వే 1958లో వాడారు. కోబాల్ కంపైలర్ నిర్మాణం గురించి ఆయన రాసిన పత్రం 1963లో వచ్చింది. కంటిన్యుయేషన్ల భావన వేర్వేరు మనుషులకు వేర్వేరు చోట్ల విడివిడిగా తట్టిందని జాన్ రేనాల్డ్స్ 1993లో రాశారు. నేను వీరి పనిని చదివింది నా మొదటి ప్రయత్నం విఫలమైన తర్వాత. ముందే చదివి ఉంటే కొన్ని నెలలు కలిసివచ్చేవి.

ఆ మొదటి ప్రయత్నంలో లైనక్స్‌లోని సి లైబ్రరీ ఇచ్చే మేక్‌కాంటెక్స్ట్, స్వాప్‌కాంటెక్స్ట్ అనే ఫంక్షన్లను వాడాను. పని జరిగింది. కాని ఎస్‌ట్రేస్ అనే పరికరం పెట్టి చూస్తే ప్రతి మార్పుకూ ఒక సిస్టమ్ కాల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నల్‌కు ఒక పిలుపు, కనిపించింది. స్వాప్‌కాంటెక్స్ట్ రిజిస్టర్లతో (ప్రాసెసర్ లోపలి చిన్న గడులతో) పాటు, ఏ సిగ్నళ్లను ఆపాలో చెప్పే సిగ్నల్ మాస్క్‌ను కూడా దాచి తిరిగి పెడుతుంది. దానికి కెర్నల్ తలుపు తట్టక తప్పదు. నా భాషలో కోరొటీన్లు సిగ్నల్ మాస్క్‌ను ముట్టుకోవు. నాకు అక్కరలేని మాటకు ప్రతిసారీ మూల్యం చెల్లిస్తున్నానన్నమాట. పైగా ఈ ఫంక్షన్లను యూనిక్స్ తరహా వ్యవస్థలకు చెందిన పోసిక్స్ ప్రమాణం 2008 కూర్పులో తొలగించారు. అందువల్ల స్టాక్ మార్చే కోడును, అంటే స్విచ్‌ను, నేనే అసెంబ్లీలో రాయాలని నిశ్చయించుకున్నాను.

ఎక్స్86-64లో 16 సాధారణ రిజిస్టర్లు ఉంటాయి. లైనక్స్ పాటించే సిస్టమ్ ఫైవ్ ఏబీఐ ఒప్పందం (ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకునే నియమాలు) ప్రకారం, పిలిపించుకున్న ఫంక్షన్ తిరిగి వెళ్లేటప్పటికి ఆర్‌బీఎక్స్, ఆర్‌బీపీ, ఆర్12, ఆర్13, ఆర్14, ఆర్15, వీటితో పాటు స్టాక్ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే స్టాక్ పాయింటర్ ఆర్‌ఎస్‌పీ యథాతథంగా ఉండాలి. మిగతా తొమ్మిదింటిలో అవసరమైనవేవైనా ఉంటే పిలిచినవారే ముందుగా తమ స్టాక్ మీద దాచుకుంటారు. స్విచ్‌ను మామూలు ఫంక్షన్‌లాగే పిలుస్తాం కాబట్టి ఆ తొమ్మిదింటి బెంగ స్విచ్‌కు లేదు. అవధాని మరిచిపోగలిగిన పదాలు అవి. కాబట్టి కోడు ఇంతే అయింది: ఆరు రిజిస్టర్లను పాత స్టాక్ మీదికి తోయడం, ఆర్‌ఎస్‌పీని ఒక చోట రాసిపెట్టడం, ఆర్‌ఎస్‌పీలో కొత్త స్టాక్ చిరునామా నింపడం, ఆ కొత్త స్టాక్ నుండి ఆరు రిజిస్టర్లను వెనుక వరుసలో తీసుకోవడం, చివర ఒక రిటర్న్. మొత్తం పదిహేను సూచనలు. రిటర్న్ చిరునామా కూడా స్టాక్ మీదే ఉంటుంది కాబట్టి, స్టాక్ మారితే ఆ రిటర్న్ వెళ్లేచోటు కూడా తనంతట మారుతుంది. ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ) లెక్కల్లో సవరింపు (రౌండింగ్) తీరును నియంత్రించే కంట్రోల్ బిట్లను కూడా ఒప్పందం దాచమంటుంది. నా భాషలో వాటిని మార్చే దారి లేదు కనుక ఆ పనిని వదిలేసి, ఆ సంగతిని కోడు పైన రాసిపెట్టాను.

ఆ వారం ఆదివారం మెట్రోలో అమీర్‌పేటలో మారి, తార్నాకలో దిగి, అక్కడి నుండి ఆటోలో ఏఎస్‌రావు నగర్‌కు పెదనాన్న ఇంటికి వెళ్లాను. ఆయన ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరును తయారు చేసిన సంస్థ అది. పెదనాన్న చేరిన తర్వాత టీడీసీ-316 మీద అసెంబ్లీ రాసేవారు. నా పదిహేను సూచనలు చూపించగానే ఆయన ముందు అడిగిన మాట స్టాకుల గురించే.

"ఇంతకీ స్టాకులు రెండెందుకమ్మా? పీడీపీ-11లో దీన్ని ఒక్క సూచనతో చేసేవాళ్లు కదా."

నిజమే. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1970లో తెచ్చిన పీడీపీ-11లో, సబ్‌రొటీన్‌ను పిలిచే జేఎస్ఆర్ సూచనను ఒక ప్రత్యేకమైన తీరులో వాడితే, స్టాక్ మీద పైనున్న చిరునామా, తర్వాత నడవవలసిన సూచన చిరునామా ఉండే ప్రోగ్రామ్ కౌంటర్ ఒకదానితో ఒకటి స్థానాలు మార్చుకుంటాయి. రెండు కోరొటీన్లు ఒకే సూచనతో నువ్వా నేనా అని వంతులు మార్చుకోవచ్చు.

"మరి ఒకటి ఆగేటప్పుడు స్టాక్ మీద ఇంకా ఏమైనా పెట్టుకుని ఉంటే ఎలా, పెదనాన్నా?" అని అడిగాను.

"పెట్టుకోకూడదు. ఒక్క కుర్చీలో ఇద్దరు వంతులేసుకుని కూర్చున్నట్టు. లేచేటప్పుడు తన సామాను ఒక్కటి కూడా కుర్చీలో వదలకూడదు. నీ దాంట్లో లోపలి ఫంక్షన్‌లో ఉండగా కూడా ఆగాలంటావు కదూ, అందుకని ఎవరి కుర్చీ వాళ్లకి కావాలి. సరే, అర్థమైంది," అన్నారు.

నాకు కూడా అప్పుడే స్పష్టమైంది. స్టేట్ మెషీన్ పద్ధతి, పీడీపీ-11 సూచన, సొంత స్టాకులు, ఈ మూడింటికీ తేడా వేగంలో లేదు. ఆగేటప్పుడు ఎంత లోతున ఉండవచ్చు అన్న దానికి అవి ఇచ్చే జవాబులోనే ఉంది.

ఇక మొదటి దెబ్బ. కొత్త కోరొటీన్ ఇంకా ఎప్పుడూ ఆగలేదు కనుక, అది ఆగినట్టుగా కనిపించే స్టాక్‌ను మనమే చేత్తో పేర్చాలి: ఆరు రిజిస్టర్లకు ఆరు ఖాళీ గడులు, వాటి పైన మొదలు పెట్టవలసిన ఫంక్షన్ చిరునామా. అలాగే పేర్చాను. కోరొటీన్లు నడిచాయి, ఆగాయి, పూర్ణాంకాలను అచ్చువేశాయి. ఒక రాత్రి పరీక్షలో 42 బదులు 3.5 అచ్చువేయమన్నాను, వెంటనే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రాము పడిపోయింది. మళ్లీ 42 పెడితే బాగానే ఉంది. 3.5 పెడితే పోతోంది. స్విచ్‌లో ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్లను దాచనందువల్లనే అనుకుని రెండు రాత్రులు ఆ దారిలో వెతికాను; ఆ అనుమానం పూర్తిగా తప్పు.

మూడో రాత్రి డీబగ్గర్‌లో ప్రోగ్రాము పడిపోయిన సూచనను చూస్తే అది నా కోడులోనిది కాదు, సి లైబ్రరీలో అచ్చువేసే ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్ మొదట్లోని మూవ్‌ఏపీఎస్. ఆ సూచన 16 బైట్లను ఒక్కసారిగా మెమరీలో పెడుతుంది, కాని చిరునామా 16తో భాగింపబడాలి. అంటే హెక్సాడెసిమల్‌లో చివరి అంకె 0 కావాలి. నా తెర మీద చివరి అంకె 8. ఒప్పందం ప్రకారం కాల్ సూచనకు ముందు స్టాక్ పాయింటర్ 16 గుణిజం కావాలి. కాల్ రిటర్న్ చిరునామాను తోసేస్తుంది కాబట్టి ఫంక్షన్ లోపలికి అడుగుపెట్టేసరికి అది 8 బైట్లు జరిగి ఉంటుంది. నా కొత్త కోరొటీన్ కాల్ ద్వారా కాకుండా రిటర్న్ ద్వారా లోపలికి వస్తోంది. దాన్ని ఎవరూ పిలవలేదు, అందుకే తిరిగి వెళ్లవలసిన చిరునామా ఉండవలసిన గడి అసలు లేదు. అంతా 8 బైట్లు పక్కకు జరిగింది. మరి 42 ఎలా నడిచింది? ప్రింట్‌ఎఫ్ వంటి ఫంక్షన్లకు ఎన్ని వెక్టర్ రిజిస్టర్లలో (దశాంశ సంఖ్యలు వెళ్లేవి ఇవే) విలువలు పంపుతున్నామో ఏఎల్ అనే చిన్న రిజిస్టర్‌లో చెబుతాం. అక్కడ సున్నా ఉంటే అది మూవ్‌ఏపీఎస్‌లన్నిటినీ దాటేసి పోతుంది. పూర్ణాంకానికి సున్నా, 3.5కు ఒకటి. మొదలు చిరునామాకు పైన ఒక గడి చేర్చి అందులో సున్నా పెట్టాను. ప్రోగ్రాము నిలబడింది. అంతేకాక, డీబగ్గర్‌లో కాల్ వరుసను చూస్తే ఇంతకుముందు అర్థంలేని చిరునామాల్లోకి జారిపోయేది కాస్తా ఆ సున్నా దగ్గర చక్కగా ఆగింది.

ఇంతవరకు జరిగింది చిన్న పని. అసలు ఆలోచన తర్వాత వచ్చింది: ఆగిన ఒక కంటిన్యుయేషన్‌ను ఎన్నిసార్లు నడపవచ్చు? స్కీమ్ భాషలో దీనికి హద్దు లేదు. పట్టుకున్న కంటిన్యుయేషన్‌ను ఎన్నిసార్లయినా పిలవవచ్చు. అందులోని అందానికి నేను చాలాకాలంగా లోబడి ఉన్నాను. వెనక్కి వెళ్లి వేరే దారి ప్రయత్నించే వెతుకులాట ప్రోగ్రాములు దానితో ఎంతో సహజంగా కుదురుతాయి. కాబట్టి నా భాషలో కూడా అలాగే ఉండాలని, నడిపే ప్రతిసారీ స్టాక్‌కు నకలు తీసే విధంగా రాశాను.

దాన్ని నా సొంత ప్రోగ్రామే కూలదోసింది. ఒక ఫంక్షన్ ఫైలు తెరిచి, పని ముగిశాక తప్పక మూసేలా 'డిఫర్' రాసుకుని, నడుమ ఆగింది. ఆ ఫైలుకు సిస్టమ్ ఇచ్చిన సంఖ్య, అంటే డిస్క్రిప్టర్, 7. కంటిన్యుయేషన్‌ను మొదటిసారి నడిపితే రాయవలసింది రాసి, 7ను మూసి ముగిసింది. యూనిక్స్ కొత్తగా తెరిచినవాటికి ఖాళీగా ఉన్న అతి చిన్న సంఖ్యను ఇస్తుంది కనుక, ఆ తర్వాత వచ్చిన ఒక నెట్‌వర్కు కనెక్షన్‌కు 7 దక్కింది. అప్పుడు అదే కంటిన్యుయేషన్‌ను రెండోసారి నడిపాను. స్టాక్ నకలులో ఉన్న సంఖ్య ఇంకా 7. ఫైల్లోకి వెళ్లవలసిన వరుసలు అవతలి మనిషి కనెక్షన్‌లోకి వెళ్లాయి. ఏ ఎర్రరూ రాలేదు. స్టాక్‌కు నకలు తీయవచ్చు గాని, స్టాక్ చెప్పుచేతల్లో ఉన్న బయటి ప్రపంచానికి నకలు తీయలేం. ఇది నా మెషీన్ మీద పరీక్షలో జరిగింది కాబట్టి సరిపోయింది. ఒకరి సర్వర్‌లో జరిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే భయం వేసింది.

అప్పుడు పాత పనిని శ్రద్ధగా చదివాను. ఒక్కసారి మాత్రమే నడిపే కంటిన్యుయేషన్లను నకళ్లు లేకుండా అమలు చేయడం గురించి బ్రూగ్‌మన్, వాడెల్, డిబ్విగ్ 1996లో రాశారు. లువా భాషకు సంబంధించిన డి మౌరా, యెరుసలిమ్‌స్కీ 2004లో పూర్తి స్థాయి కోరొటీన్లు ఒక్కసారి నడిచే కంటిన్యుయేషన్లకు వ్యక్తీకరణ శక్తిలో సమానమని చూపారు. 2022 డిసెంబరులో వచ్చిన ఓకామెల్ భాష 5.0లో ఆగిన పనిని పట్టుకునే ఎఫెక్ట్ హ్యాండ్లర్లు కూడా ఒక్కసారి నడిచేవే. రెండోసారి ప్రయత్నిస్తే ఎక్సెప్షన్ (ఎర్రర్ సంకేతం) వస్తుంది. నేను కూడా అదే తీర్మానించాను. మా భాషలో కంటిన్యుయేషన్ సిటీ బస్సు టిక్కెట్టు లాంటిది: ఒక ప్రయాణానికి ఒకటి. అమలు కూడా సులువైంది. కంటిన్యుయేషన్ అనే వస్తువులో స్టాక్‌కు ఒక పాయింటర్ ఉంటుంది. నడిపేటప్పుడు ఆ పాయింటర్‌ను అటామిక్‌గా, అంటే నడుమ మరెవరూ జొరబడకుండా, తీసుకుని దాని చోట శూన్యం పెడతాం. రెండోసారి వచ్చినవారికి శూన్యం కనిపిస్తుంది, వెంటనే స్పష్టమైన ఎర్రర్ వస్తుంది. వెతుకులాట ప్రోగ్రాములకు సౌకర్యం తగ్గిందని నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. అయినా ఈ నిర్ణయాన్ని మార్చను.

తర్వాతి ఇబ్బందులు రెండు ఒకే నెలలో వచ్చాయి, రెండూ చివరికి ఒకే దారి చూపించాయి. మొదటిది మెమరీ. ప్రతి స్టాక్‌నూ ఎమ్‌మ్యాప్ అనే సిస్టమ్ కాల్‌తో తెచ్చి, హద్దు దాటితే వెంటనే పట్టుబడేలా కింద ముట్టుకోరాని ఒక గార్డ్ పేజీ పెట్టేదాన్ని. వేలకొద్దీ కోరొటీన్లు బాగానే నడిచాయి. 32 వేలు దాటిన కాసేపటికి మెమరీ లేదని కెర్నల్ నిరాకరించింది. చూస్తే మెమరీ బోలెడంత ఖాళీగా ఉంది. లైనక్స్‌లో ఒక ప్రాసెస్‌కు ఉండగల మెమరీ మ్యాపింగ్‌ల (ఒకే అనుమతులున్న మెమరీ భాగాల) సంఖ్యకు డిఫాల్ట్ హద్దు 65530. వాడుకునే భాగానికీ గార్డ్ పేజీకీ అనుమతులు వేరు కాబట్టి, నా ఒక్కొక్క స్టాక్ రెండు మ్యాపింగ్‌లను తింటోంది. సెట్టింగ్ మార్చుకొమ్మని వాడేవారికి చెప్పవచ్చు, కాని నా భాష నడవడానికి ఎవరో రూట్ అధికారంతో సెట్టింగ్ మార్చవలసి రావడం నాకు నచ్చలేదు.

రెండోది ఇంతకన్నా పట్టుబడనిది. రన్‌టైమ్‌లో చదివే ఫంక్షన్ సి భాషలో ఒక లూప్: చదువు, ఇంకా డేటా రాలేదని ఎర్‌నో (చివరి ఎర్రర్ సంఖ్య ఉండే చోటు) చెబితే స్విచ్ పిలిచి ఆగు, లేచాక మళ్లీ చదువు. ఒక థ్రెడ్ (ప్రాసెస్‌లో విడిగా నడిచే పని వరుస) మీద ఎంతకాలమైనా నడిచింది. రెండు థ్రెడ్‌లు పెట్టి, కోడును వేగవంతం చేసే ఆప్టిమైజేషన్ వేసి, ఒత్తిడి పెంచితే ఎప్పుడో ఒకసారి ఆరోగ్యంగా ఉన్న కనెక్షన్‌ను ఎర్రర్ అని మూసేసేది. ఎర్‌నో ప్రతి థ్రెడ్‌కూ విడిగా ఉంటుంది. దాని చిరునామా ఇచ్చే లోపలి ఫంక్షన్ ఎప్పుడు పిలిచినా ఒకే జవాబు ఇస్తుందని లైబ్రరీ కంపైలర్‌కు ముందే హామీ ఇచ్చింది. అందుకని కంపైలర్ ఆ చిరునామాను లూపుకు ముందు ఒకసారి తీసుకుని దాచుకుంది. నా కోరొటీన్ ఒక థ్రెడ్ మీద పడుకుని మరో థ్రెడ్ మీద లేస్తే, కొత్త థ్రెడ్‌లో జరిగిన చదువుకు పాత థ్రెడ్ ఎర్‌నోను చూసేది. కంపైలర్ తప్పేమీ లేదు. ఒక ఫంక్షన్ నడుమ థ్రెడ్ మారిపోగలదన్న సంగతి సి భాషకు ఎవరూ చెప్పలేదు.

ఈ రెండింటి తర్వాత కచ్చితమైన గీత గీసుకున్నాను. సి భాషా ఫ్రేము మధ్యలో ఉండగా స్విచ్ ఎన్నడూ జరగకూడదు. సి కోడు ఎప్పుడూ థ్రెడ్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన పెద్ద స్టాక్ మీదే నడుస్తుంది. నా భాష కోడు మాత్రమే చిన్న స్టాకుల మీద ఉంటుంది. ఓకామెల్ 5 కూడా బయటి సి ఫంక్షన్లను సిస్టమ్ స్టాక్ మీదే నడుపుతుంది. చదివే ఫంక్షన్ ఇప్పుడు 'ఇంకా రాలేదు' అన్న జవాబు తీసుకుని ముందు సి నుండి బయటికి వస్తుంది. ఆగడమనేది నా భాష వైపున జరుగుతుంది. చిన్న స్టాకుల మీద నా కంపైలర్ పుట్టించిన కోడు తప్ప మరేదీ ఉండదు కాబట్టి గార్డ్ పేజీ అక్కర తీరిపోయింది: ప్రతి ఫంక్షన్ మొదట్లో స్టాక్ పాయింటర్‌ను హద్దుతో పోల్చే ఒక పరీక్ష చేర్చాను. స్టాక్ 4 కిలోబైట్లతో మొదలై, చాలకపోతే రెట్టింపు చోటికి నకలు అవుతుంది. గో భాష వారు మొదట ముక్కలు ముక్కలుగా పెరిగే స్టాకులు వాడి, ముక్క అంచున ఉన్న ఫంక్షన్‌ను లూపులో పిలిచినప్పుడల్లా కొత్త ముక్క తేవడం, వదలడం భారమై, 2014లో 1.3 వెర్షన్‌తో నకలు పద్ధతికి మారారు. ఆ చరిత్ర నాకు ఒక పొరపాటును తప్పించింది. నా భాషలో లోకల్ వేరియబుల్ చిరునామాను ఎవరికీ ఇవ్వడం కుదరదు కనుక, నకలు తర్వాత సరిదిద్దవలసినవి ఫ్రేములను కలిపే ఆర్‌బీపీ గొలుసు, ఎక్సెప్షన్ హ్యాండ్లర్ల గొలుసు మాత్రమే.

ఈ గీత వల్ల నేను మొదట బయలుదేరిన సార్ట్ సమస్య మళ్లీ ఎదురువచ్చింది. సి సార్ట్ నుండి పిలిచిన పోల్చే ఫంక్షన్ ఇప్పటికీ ఆగజాలదు, నిజానికి ఇప్పుడు ఆగడమే నిషేధం. అందుకని సార్ట్‌ను నా భాషలోనే తిరగరాశాను. ఒక మధ్యాహ్నం పని. ఏడాది కిందట అదే చేసి ఉంటే ఈ పని ఇక్కడిదాకా వచ్చేదే కాదు, కాని అప్పుడు నా భాషకు ఆ పనికి తగిన వేగం లేదు.

సగంలో వదిలేసిన కంటిన్యుయేషన్ల సంగతి కూడా తేల్చవలసి వచ్చింది. ఆగిన పనిని ఎవరూ మళ్లీ నడపకపోతే అందులోని డిఫర్లు ఎప్పటికీ జరగవు, తెరిచిన ఫైలు తెరిచే ఉంటుంది. గార్బేజ్ కలెక్టర్ దాన్ని గుర్తించి డిఫర్లను నడపడం ఒక మార్గం; కాని వాడేవారి కోడు ఏ థ్రెడ్ మీద, ఏ క్షణాన నడుస్తుందో తెలియని స్థితి అది, నాకు సమ్మతం కాలేదు. దాని బదులు ప్రతి కోరొటీన్ ఒక బ్లాకుకు చెందుతుంది. ఆ బ్లాకు ముగిసేటప్పటికి కోరొటీన్ ఇంకా ఆగి ఉంటే, 'రద్దు' అనే ఎక్సెప్షన్‌తో దాన్ని ఒకేఒక్కసారి నడుపుతాం. అది తన డిఫర్లన్నీ చేసుకుంటూ బయటికి వస్తుంది. ఒక్కసారే నడపాలన్న నియమం ఇక్కడ కూడా చెడలేదు.

ఇంత జరిగాక ఆ పదిహేను సూచనలను మళ్లీ చూస్తే వాటిలో సగానికి పైగా అనవసరమని తెలిసింది. చిన్న స్టాకుల మీద నా కంపైలర్ కోడు మాత్రమే ఉన్నప్పుడు సి ఒప్పందాన్ని ఎందుకు పాటించాలి? ఓకామెల్ పిలుపు ఒప్పందంలో, పిలిపించుకున్నవారు కాపాడవలసిన రిజిస్టర్లు అసలే ఉండవు. నేను కూడా అలాగే మార్చాను. పిలుపు జరిగేసరికి అవసరమైనవన్నీ స్టాక్ మీదే ఉంటాయి. కోరొటీన్‌నుండి కోరొటీన్‌కు మారేటప్పుడు ఆర్‌ఎస్‌పీ, ఆర్‌బీపీ మారితే చాలు. పాత పదిహేను సూచనలు ఇప్పుడు సి నుండి నా భాషలోకి వచ్చే ద్వారం దగ్గర మాత్రమే ఉన్నాయి. ఏఆర్ఎమ్ 64 బిట్ల యంత్రానికి ఆ ద్వారాన్ని విడిగా రాశాను: ఎక్స్19 నుండి ఎక్స్28 దాకా, ఫ్రేమ్ పాయింటర్ ఎక్స్29, రిటర్న్ చిరునామా ఉండే ఎక్స్30, డి8 నుండి డి15 దాకా ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్లు, మొత్తం 160 బైట్లు. అక్కడ రిటర్న్ చిరునామా రిజిస్టర్‌లో ఉంటుంది కనుక నాకు మూడు రాత్రులు పోగొట్టిన ఆ 8 బైట్ల చిక్కు లేదు.

పోయిన నెలలో ఈ కోడును కాగితాల మీద అచ్చువేసి పెదనాన్న దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనకు తెర మీద చదవడం కష్టమవుతోంది. వరండాలో కూర్చుని పెన్సిల్‌తో ఒక్కొక్క వరుసనూ దాటుతూ, కొత్త స్టాక్ పేర్చే చోట ఆగారు.

"ఈ గడిలో సున్నా ఎందుకు పెట్టావమ్మా? 16కి సరిపెట్టడానికని పక్కన రాశావు. కాని ఈ స్టాక్ మీద సి కోడు నడవదన్నావు కదా, ఇంక ఆ సర్దుబాటు ఎవరికి?"

నేను కాసేపు కాగితం వైపే చూస్తూ ఉండిపోయాను. నిజమే, ఆ కారణం ఎప్పుడో పోయింది. అయినా సున్నా తీసేస్తే ప్రోగ్రాము నడవదని నాకు తెలుసు. గార్బేజ్ కలెక్టర్ ఆగిన ప్రతి స్టాక్‌లోనూ ఫ్రేము తర్వాత ఫ్రేముగా, రిటర్న్ చిరునామాలను పట్టుకుని పైకి నడుస్తూ, ఏ గడిలో హీప్ వస్తువు ఉందో చూసుకుంటుంది. ఆ నడక ఎక్కడ ముగించాలో చెప్పేది ఆ సున్నాయే. నేను డీబగ్గర్ కోసం సంతోషించి వదిలేసిన గడి మీద కలెక్టర్ మొత్తం ఆధారపడి ఉంది, ఆ సంగతి ఎక్కడా రాసి లేదు.

ఆయనకు అదే చెప్పాను. "అయితే అది రాయి," అని పెన్సిల్ నా చేతికి ఇచ్చారు. పాత వ్యాఖ్యను కొట్టేసి, కాగితం అంచున రాసిన వాక్యాన్ని ఆ రాత్రి ఇంటికి వచ్చి కోడులో పెట్టాను: 'ఇది స్టాక్ చివర. కలెక్టర్ ఇక్కడ ఆగుతుంది. తీయవద్దు.'